తప్పు చేతిదా, కెమెరాదా? ముహూర్తం ఫోటోలన్నీ మసకే

మసక_మురళి
పోయిన వారం మా పెద్దమ్మ కూతురి పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 12 నిమిషాలకు. నా దగ్గర 2014లో కొన్న క్రాప్ సెన్సర్ (లోపల వెలుతురు పట్టే పలక చిన్నది) కెమెరా ఉంది, దానితో పెట్టెలోనే వచ్చిన 18-55 లెన్సు ఉంది. పెళ్లివారు కుదుర్చుకున్న ఫోటోగ్రాఫరు చేతిలో ఫుల్ ఫ్రేము (ఆ పలక పెద్దది), దానికి వెలుతురు ఎక్కువ వదిలే 24-70 ఎఫ్2.8 లెన్సు. జీలకర్ర బెల్లం వేళకు ఇద్దరం భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడ్డాము. ఇద్దరమూ ఒకేసారి నొక్కాము. ఆయన ఫోటోలో పెళ్లికూతురి వేళ్ల సందున జీలకర్ర గింజలు లెక్కపెట్టవచ్చు. నా ఫోటోలో ఆ చెయ్యే హోమం పొగలో కలిసిపోయినట్టు ఉంది.

ఇంటికి వచ్చి 340 ఫోటోలూ చూసుకున్నాను. పగలు తీసినవి బాగానే ఉన్నాయి. రాత్రివి పదిలో ఎనిమిది పనికిరావు. ఆల్బంలో నా ఫోటో ఒక్కటీ వేయలేదని పెద్దమ్మ ఓదారుస్తుంటే ఇంకా చిన్నతనం అనిపించింది. ఫుల్ ఫ్రేము, లెన్సు కలిపి రెండు లక్షల అరవై వేలు చెబుతున్నారు. వాయిదాల మీద తీసుకుందామనుకుంటుంటే మా ఆవిడ ఒకటే అడిగింది: "ఆ డబ్బుతో వచ్చేది కెమెరానా, చేతివాటమా?" జవాబు తోచలేదు. మీరైనా చెప్పండి.

కాలక్షేపం_కామయ్య
చేతివాటం అన్న మాట పెళ్లి ఇంట్లో వాడకండి. వెంటనే నగలు లెక్కపెట్టుకుంటారు.

నీలి_లెన్సు
కొనేయండి. 2014 నాటి చవక కెమెరాతో రాత్రి పెళ్లి తీయడం అంటే నెయ్యి లేకుండా హోమం చేయడం. "అంతా చేతిలోనే ఉంది" అని రెండేళ్లు నన్ను నేను మోసం చేసుకున్నాను. ఫుల్ ఫ్రేము కొన్న మొదటి రాత్రే తేడా తెలిసింది. చేతిలోనే ఉంది అని ఉపదేశించేవాళ్ల సంచులు తెరిచి చూడండి, లోపల ఎప్పుడూ ఖరీదైనవే ఉంటాయి.

పాత_రీలు
నీలి_లెన్సు గారూ, నా సంచి తెరిచి చూపిస్తాను రండి. నేను 1983లో మా మేనమామ స్టూడియోలో చేరాను. రెండు కళ్ల ట్విన్ లెన్సు కెమెరా, 120 రీలు, రీలుకు 12 బొమ్మలు. పెళ్లికి రెండు రీళ్లు ఇచ్చేవాడు మామయ్య, మూడోది వాడితే నా జీతంలో కోత. అంటే 24 నొక్కులలో పెళ్లంతా రావాలి. గౌరీపూజకు ఒకటి, జీలకర్ర బెల్లానికి రెండు, మాంగల్యధారణకు రెండు, తలంబ్రాలకు మూడు, అరుంధతికి ఒకటి, మిగిలినవి చుట్టాల గుంపులకు. వాటిలో రెండు మాత్రం చివరిదాకా ఆపి ఉంచుకునేవాళ్లం, "నన్నెవరూ తీయలేదు" అని అలిగే బావగారి కోసం.

ఇక మురళి గారి క్షణం సంగతి. జీలకర్ర బెల్లం ఎప్పుడు పెడతారో నేను కంటితో కాదు, చెవితో పట్టుకునేవాణ్ణి. పురోహితుడు గడియారం చూసి చెయ్యి ఎత్తుతాడు, డోలు ఆయన పుల్ల లేస్తుంది, గట్టిమేళం మొదలవుతుంది. ఆ పుల్లకూ పెళ్లికొడుకు చేతికీ మధ్య ఉండే వ్యవధి నాకు బాగా తెలుసు. ముందురోజే పురోహితుణ్ణి కలిసి "స్వామీ, మాంగల్యం కట్టించేటప్పుడు మీ మోచెయ్యి కాస్త కిందికి ఉంచండి" అని బతిమాలుకునేవాణ్ణి. ఆ మోచేతుల వల్ల పాడైనన్ని ఫోటోలు ఏ సెన్సరు వల్లా పాడవలేదు. ఇదంతా ఏ దుకాణంలో అమ్ముతారు?

స్టాపుల_లెక్క
వాదన తర్వాత. మురళి గారూ, ఆ మసక ఫోటో వివరాలు పెట్టండి. షట్టరు ఎంతసేపు తెరిచి ఉంది, ఎఫ్ సంఖ్య (లెన్సు ఎంత తెరుచుకుంది, అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ), ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సరు సున్నితత్వం), ఎంత జూము. అవి లేకుండా మనం చెప్పేదంతా జాతకం చూడకుండా పెళ్లి కుదిర్చినట్టే.

మసక_మురళి
55 మి.మీ., ఎఫ్5.6, 1/30, ఐఎస్ఓ 6400. లెన్సులో కదలిక అదుపు చేసే మీట ఆన్‌లోనే ఉంది. ఫ్లాష్ వాడలేదు, బయటి ఫ్లాష్ నా దగ్గర లేదు. మోడ్ మాత్రం ఆటో, నవ్వకండి.

జూమ్_జగన్నాథం
నవ్వలేదు. నేనూ నాలుగేళ్లు ఆ ఆటో పచ్చ గుర్తు మీదే బతికాను.

స్టాపుల_లెక్క
ఇప్పుడు మాట్లాడవచ్చు. 1/30 అంటే సెకనులో ముప్పయ్యో వంతు, అంతసేపట్లో కదిలే చెయ్యి కచ్చితంగా మసకబారుతుంది. లెన్సులో ఉన్న ఆ మీట మీ చేతి వణుకును ఆపుతుంది, పెళ్లికూతురి చేతిని ఆపదు. కాబట్టి సమస్య వెలుతురు చాలకపోవడం. వెలుతురు ఎక్కడ తెచ్చుకోవచ్చో లెక్కేద్దాం.

ఫుల్ ఫ్రేము సెన్సరు 36 x 24 మి.మీ. మీది సుమారు 23.5 x 15.6. వైశాల్యంలో తేడా రెండింతల పైచిలుకు, అంటే ఒక స్టాపు (వెలుతురు రెండింతలు కావడం) కన్నా కొంచెం ఎక్కువ. లక్షన్నర పెట్టి కెమెరా పెట్టె మారిస్తే మీకు దొరికేది దాదాపు అంతే. కొత్త సెన్సరు అయినందుకు ఇంకొంత కలుపుకోండి.

ఇప్పుడు లెన్సు. ఎఫ్5.6 నుంచి ఎఫ్2.8కు వస్తే నాలుగింతల వెలుతురు. ఎఫ్1.8కు వస్తే తొమ్మిది, పదింతలు. 50 మి.మీ. ఎఫ్1.8 లెన్సు పది వేల చుట్టుపక్కల వస్తుంది, పాతది ఇంకా తక్కువకు. అదే కెమెరా, అదే ఐఎస్ఓ 6400, అదే మండపం, మీ 1/30 కాస్తా 1/250 అవుతుంది. పక్కన నిలబడ్డ ఆయనను గెలిపించింది కూడా ముందు ఆ ఎఫ్2.8, తర్వాతే ఫుల్ ఫ్రేము.

అంటే తప్పు పరికరానిదే, కానీ మీరు కొనబోతున్న పరికరానిది కాదు. ఆటోలో వదిలేసింది మాత్రం చేతి తప్పే.

నీలి_లెన్సు
లెక్క బాగుంది, ఒకటి వదిలేశారు. ఆ కాలపు చవక కెమెరాలలో చీకట్లో నమ్మదగిన ఫోకస్ బిందువు మధ్యలో ఉన్న ఒక్కటే. కొత్తవి కన్ను ఎక్కడుందో వెతికి పట్టుకుంటాయి. ఎఫ్1.8 పెట్టి మధ్య బిందువుతో పెళ్లికూతురి కన్ను మీద ఫోకస్ చేసి, మళ్లీ కెమెరా పక్కకు తిప్పేలోపు ఆవిడ తల వంచేస్తుంది. ఎఫ్1.8తో తీసినప్పుడు స్పష్టంగా ఉండే లోతు ఎంతో అది కూడా చెప్పండి.

స్టాపుల_లెక్క
నిజమే, చెప్పాలి. మురళి గారి కెమెరాతో రెండు మీటర్ల దూరం నుంచి 50 మి.మీ. ఎఫ్1.8తో తీస్తే స్పష్టంగా ఉండేది జానెడులో సగం. పెళ్లికూతురి కన్ను వస్తే పెళ్లికొడుకు ముక్కు పోతుంది. లెన్సును ఎఫ్2.8 దాకా కాస్త మూస్తే కొంత నయం, అప్పుడు షట్టరు 1/100 దగ్గర ఆగుతుంది.

కాలక్షేపం_కామయ్య
పెళ్లికొడుకు ముక్కు పోయినా ఎవరూ అడగరు లెండి. ఆల్బం చూసేది పెళ్లికూతురి తరఫువాళ్లే.

డాలస్_బాబాయి
మీరంతా స్టాపులు లెక్కపెడుతున్నారు. మా వైపు పెళ్లిలో ముహూర్తం వేళకు ముందు వరుసలో ఒక పెద్దాయన తొమ్మిది అంగుళాల ట్యాబ్ పైకెత్తాడు. ఐఎస్ఓ ఎంత పెంచినా ట్యాబ్ వెనక ఉన్న పెళ్లికూతురు కనబడలేదు. ఆ పెద్దాయన ఎవరని అడగకండి, నేనే.

పాత_రీలు
ఒప్పుకున్నారు, సంతోషం.

చారల_చొక్కా
నా కథ వినండి, తర్వాత కొనండి. మురళి గారిలాగే నేనూ పాత కెమెరాను తిట్టుకుని, నిరుడు కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని రకం) కెమెరా కొన్నాను. అందులో చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షట్టరు ఉంది. మంత్రాల మధ్యలో టకటక లేకుండా ఎంత మర్యాదగా ఉంటుందో అనుకున్నాను. ఒక రిసెప్షన్‌లో ఆరు వందల ఫోటోలు ఆ మర్యాదతోనే తీశాను. ఇంటికి వచ్చి చూస్తే ప్రతి ఫోటోలో అడ్డంగా నల్ల చారలు. పెళ్లికొడుకు తెల్ల షేర్వాణీ మీద కూడా చారలే. వాళ్ల అమ్మగారు "ఈ డిజైను మేము కొనలేదే" అన్నారు.

కారణం తర్వాత తెలిసింది. మన కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకు 50 చుట్లు, చుట్టుకు రెండు మెరుపులు), చవక ఎల్ఈడీ దీపం సెకనుకు వంద సార్లు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. మన కంటికి తెలియదు. ఎలక్ట్రానిక్ షట్టరు సెన్సరును వరుసలు వరుసలుగా చదువుతుంది కాబట్టి దీపం తగ్గిన వేళ చదివిన వరుసలు నల్లబడతాయి. మామూలు షట్టరు పెట్టుకుని 1/100 గానీ 1/50 గానీ వాడితే చాలావరకు పోతుంది. పాత కెమెరాలో ఆ చప్పుడు లేని వసతే లేదు, కాబట్టి ఆ తప్పు చేసే అవకాశమూ లేదు. లక్షా ఎనభై వేలు పెట్టి కొత్త తప్పు కొనుక్కున్నాను.

నీలి_లెన్సు
అది కెమెరా తప్పు కాదు, చదవకపోవడం.

చారల_చొక్కా
నేనూ అదే కదండీ అంటున్నది.

రెండు_కార్డుల_రమ
పదకొండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. ఈ చర్చలో అందరూ వెలుతురు గురించే మాట్లాడుతున్నారు. నేను పాత కెమెరా అమ్మేసింది వెలుతురు కోసం కాదు. దానికి ఒకటే మెమరీ కార్డు పట్టేది. ఒక పెళ్లిలో అప్పగింతలు అయ్యాక కార్డు తెరుచుకోలేదు. డబ్బులిచ్చి ఆ కార్డులోంచి రాబట్టగలిగినవి కొన్ని ఫోటోలే. మాంగల్యధారణవి పోయాయి. ఆ పెళ్లికూతురి తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు, తలుపు దాకా వచ్చి సాగనంపారు. ఆ రాత్రి నుంచి రెండు కార్డులు లేని కెమెరా ముట్టుకోలేదు. పనితనం ఎంత ఉన్నా చచ్చిపోయిన కార్డులోంచి ఫోటో రాదు.

ఇంకొక మాట. మురళి గారు సరదాకు తీస్తారు, నేను తిండికి తీస్తాను. నా దగ్గరకు వచ్చే పార్టీ మొదట అడిగేది "ఫుల్ ఫ్రేమా మేడం? డ్రోన్ ఉందా?" అనే. నా పాత ఆల్బం చూపించబోతే పక్కకు నెట్టి మళ్లీ అదే అడిగారు ఒకాయన. నా సామానులో సగం ఫోటోల కోసం కొనలేదు, ఆ ప్రశ్నకు జవాబు కోసం కొన్నాను.

ల్యాబ్_మనిషి
రమ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఆల్బంలు అచ్చు వేసే చోట పని చేస్తాను. 12 x 36 అంగుళాల షీట్లు రోజంతా నా కళ్ల ముందు నుంచి పోతాయి. ఏ ఫోటో ఏ కెమెరాదో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించదు. ఒక షీట్లో ఎనిమిది ఫోటోలు ఇరికిస్తారు, ఒక్కొక్కటి పోస్టుకార్డు అంత. 24 మెగాపిక్సెల్ ఫోటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున వేస్తే 20 అంగుళాల వెడల్పు వస్తుంది. మరి 45 మెగాపిక్సెల్‌తో పోస్టుకార్డు ఎందుకో నాకు అర్థం కాదు.

నాకు కనిపించే తేడాలు వేరు. ఒకరు పంపినవి అన్నీ ఒకే వెలుగులో ఉంటాయి, ఇంకొకరివి వరుసగా మూడు ఫోటోలలో పెళ్లికూతురు మూడు రంగులలో ఉంటుంది. ఒకరు తెల్ల పట్టు చీర మడతలు కనిపించేలా తీస్తారు, ఇంకొకరిది తెల్ల కాగితం ముక్కలా ఉంటుంది. అలా వెలుగెక్కువై కాలిపోయినదాన్ని నేను ఎంత లాగినా మడతలు తిరిగి రావు.

మురళి గారూ, మీ లెన్సు ముందు మూడు వందల రూపాయల ఫిల్టరు ఏమైనా బిగించి ఉందా? ఉంటే తీసేసి తీయండి. వరుస దీపాలు ఎదురుగా ఉన్నప్పుడు అది లేని దీపాలను పుట్టిస్తుంది, ఫోటో అంతా పాలు పోసినట్టు చేస్తుంది.

మసక_మురళి
ఉంది. కొన్న రోజు దుకాణంలో ఉచితంగా ఇచ్చారు. ఇప్పుడే విప్పి చూశాను, దాని మీద పదేళ్ల నాటి వేలిముద్ర ఉంది. బహుశా నాదే.

కోఠి_కబుర్లు
ఇంతమంది ఉండి రాజా దీనదయాళ్‌ను తలచుకోలేదేమిటి? ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు. చెక్క పెట్టె కెమెరా, గాజు పలకల నెగటివ్‌లు. ఆయన తీసిన రాజభవనాలు, దర్బార్లు ఈ రోజు చూసినా అంచులు కత్తిలా ఉంటాయి. ఆటో ఫోకస్ లేదు, ఐఎస్ఓ మీట లేదు. ఉన్నదంతా పనితనమే కదా.

స్టాపుల_లెక్క
కబుర్లు గారూ, ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది. ఆ గాజు పలక ఎంత పెద్దదో చూడండి. ఇప్పటి ఫుల్ ఫ్రేము దాని పక్కన తపాలా బిళ్ల. ఆ కాలంలో అది పేదవాడి సామాను కాదు, వెనక నిజాం ఉన్నాడు. 1844లో పుట్టి 1905లో పోయిన మనిషి తన రోజుల్లో దొరికిన గొప్ప పరికరంతోనే పని చేశాడు. "రాజా" అన్న బిరుదు పనితనానికి వచ్చింది, కాదనను.

ఇదే వాదన పాత_రీలు గారితో కూడా ఉంది. మీ పెళ్లి ఫోటోలు మసకబారకపోవడానికి డోలు పుల్ల ఒక్కటే కారణం కాదు. మీరు ఫ్లాష్ కొట్టారు. ఆ మెరుపు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, చెయ్యి ఎంత కదిలినా అక్కడే గడ్డకడుతుంది. అదీ పరికరమే.

పాత_రీలు
పరికరమే, కాదనను. కానీ మా ఫ్లాష్ గన్‌కు బుర్ర లేదు, మీ ఫ్లాష్‌కు ఉంది. ఎనిమిది అడుగులకు ఎఫ్8, పన్నెండు అడుగులకు ఎఫ్5.6 అని ఒక చీటీ దాని వీపున అంటించి ఉండేది. అది ఎనిమిది అడుగులా, పన్నెండా అని చెప్పాల్సింది నా కన్ను. ఒకసారి కొడితే మళ్లీ నిండటానికి పది సెకన్ల పైన పట్టేది, లోపల సన్నగా కూత వినపడేది. ఆ కూత ఆగకముందు పురోహితుడు చెయ్యి ఎత్తాడంటే ఆ జీలకర్ర బెల్లం నాకు లేనట్టే. అందుకే ముందున్న రెండు నిమిషాలూ ఎవరు పిలిచినా నొక్కేవాణ్ణి కాదు. ఒక పెళ్లిలో ఊరి సర్పంచి గారు నవ్వుతూ నిలబడ్డారు, నేను నొక్కలేదు. ఆయన ఇప్పటికీ మాట్లాడరు.

ఇప్పటి కుర్రవాళ్లకు చెప్పేది ఒకటుంది. ఫ్లాష్ నేరుగా ముఖాన కొట్టకండి, పైకప్పుకు కొట్టి కిందికి రానివ్వండి.

రెండు_కార్డుల_రమ
కప్పు తెల్లగా ఉంటేనే. షామియానాకు ఎర్ర గుడ్డ కడితే పెళ్లివాళ్లంతా వసంతాలు ఆడి వచ్చినట్టు ఉంటారు. నేను మండపానికి వెళ్లగానే మొదట చూసేది పైకి.

కోఠి_కబుర్లు
సరే, నిజాం వద్దు. అమెరికా ఫోటోగ్రాఫరు అన్సెల్ ఆడమ్స్ సంగతి చెబుతాను. 1941 నవంబరు 1న న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే ఊరి పక్కగా కారులో పోతుంటే చంద్రోదయం కనిపించింది. కింద స్మశానంలో తెల్ల శిలువల మీద చివరి ఎండ. కారు ఆపి కెమెరా బిగించాడు, వెలుతురు కొలిచే మీటరు మాత్రం దొరకలేదు. నిండు వెలుగులో ఉన్న చంద్రుడి కాంతి ఎంతో ఆయనకు అంకెలతో సహా గుర్తుంది. దాని నుంచి లెక్క కట్టి ఒకటి తీశాడు. రెండోది తీద్దామని పలక తిప్పేలోపే శిలువల మీది ఎండ పోయింది. ఒక్కటే నెగటివ్. దాన్ని కూడా పెట్టుబడి అంటారా?

స్టాపుల_లెక్క
దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ కెమెరాలో నెగటివ్ 8 x 10 అంగుళాలదని గొణుగుతాను, అంతే.

ఉప్పలపాడు_కొంగ
పెళ్లిళ్లలో మీరు పది అడుగులు ముందుకు నడవగలరు. నా పెళ్లికొడుకు గూడబాతు, ముందుకు నడిస్తే ఎగిరిపోతుంది. నేలపట్టు పక్షుల కేంద్రానికి 300 మి.మీ. లెన్సు పట్టుకుని వెళ్లాను. చెట్ల మీద తెల్ల చుక్కలు వచ్చాయి. ఇంటికి వచ్చి చూపిస్తే మా అబ్బాయి "పత్తి చెట్లా నాన్నా?" అన్నాడు. అక్కడ ఎంత ఓపిక ఉన్నా ఇంకా దూరం లాగే 600 మి.మీ. లెన్సు లేనిదే పని జరగదు. ఎఫ్4 ఉన్న 600 అయితే పది లక్షల పైమాట, కాబట్టి ఆ మాట ఇంట్లో ఎత్తలేదు.

తర్వాత గుంటూరు దగ్గర ఉప్పలపాడు వెళ్లాను. ఊరి చెరువులోనే చెట్లు, ఆ చెట్ల మీదే గూళ్లు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరివాళ్లకు అలవాటు పడిపోయి మనల్ని లెక్కచేయవు. అదే 300తో ఫ్రేము నిండా వచ్చాయి. లెన్సు మారలేదు, చేయి మారలేదు, చెరువు మారింది. అందుకే పేరు కూడా మార్చుకున్నాను.

కాలక్షేపం_కామయ్య
అంటే మురళి గారు కెమెరా బదులు పెళ్లి మండపం మార్చాలి. పగటి ముహూర్తం పెట్టమని పురోహితుణ్ణి అడగండి, రెండు లక్షల అరవై వేలు మిగులుతాయి.

వంకాయరంగు_వాణి
నాకు అసలు కెమెరానే లేదు. మంగళగిరి, పోచంపల్లి చీరలు ఇంటి నుంచి అమ్ముతాను, ఫోటోలన్నీ ఫోనుతోనే. ఉత్తరం వైపు కిటికీ, ఉదయం పది గంటలు, కిటికీకి ఎదురుగా ఒక తెల్ల థర్మకోల్ షీటు. మొత్తం పెట్టుబడి షీటుకు అరవై రూపాయలు. మడతల మీద కిటికీ వెలుగు పక్క నుంచి పడితే నేత కనిపిస్తుంది, ఎదురుగా పడితే చీర అట్టముక్కలా ఉంటుంది. ఇది ఎవరూ నేర్పలేదు, తిరిగొచ్చిన చీరలు నేర్పాయి.

కానీ ఒక దగ్గర మాత్రం ఫోను నన్ను ముంచుతుంది. వంకాయ రంగు. ఎలా తీసినా నీలం వైపు జరుగుతుంది. కొన్నవారు పెట్టె విప్పి "నేను అడిగింది నీలం" అంటారు, ఇంకొకరు "వంకాయ అడిగితే నీలం చూపిస్తారేమిటి" అని అసలు కొనరు. తెల్ల కాగితం పక్కన పెట్టి రంగు సరిచేసినా సగమే దిగుతుంది. దీనికి చేతిలో ఏమీ లేదు. ఫోటో కింద "నిజం చీర ఇంకా వంకాయగా ఉంటుంది" అని రాసి ఊరుకుంటున్నాను.

ల్యాబ్_మనిషి
వాణి గారూ, వంకాయ రంగు దగ్గర పెద్ద కెమెరాలు కూడా తడబడతాయి. అచ్చులో అది నాకూ తలనొప్పే. పక్కన అసలు చీర ముక్క పంపేవాళ్లు ఉన్నారు, వాళ్లకు నమస్కారం.

జూమ్_జగన్నాథం
రామప్ప గుడిలో మదనికల దగ్గర నాకూ ఇదే అనుభవం. వంద కిలోమీటర్లు పోయి మిట్టమధ్యాహ్నం నల్లరాతిని మంచి కెమెరాతో తీశాను, బొగ్గు బస్తాలా వచ్చింది. అక్కడ పనిచేసే ఆయన ఏటవాలు ఎండలో ఫోనుతో తీసిన ఫోటో చూపించారు. మదనిక మెడలో హారం పూసలు విడివిడిగా ఉన్నాయి. ఆయన రోజూ అక్కడే ఉంటారు, ఏ స్తంభం మీద ఎండ ఎప్పుడు పడుతుందో తెలుసు. నేను భోజనం వేళకు వెళ్లాను.

నీలి_లెన్సు
అందరూ కలిసి మురళి గారిని కొనకుండా చేసేటట్టున్నారు. నా మాట మార్చుకోను, కానీ సవరిస్తాను. ముందు అద్దెకు తెచ్చి చూడండి. ఒక రోజు అద్దెకు రెండున్నర లక్షల ప్రశ్నకు జవాబు వస్తుంది.

మసక_మురళి
అద్దెకు తెచ్చి తీయడానికి పెళ్లి ఏదండీ? రేపటి నుంచి మూఢం. అయినా సరే, పాత 50 ఎఫ్1.8 ఒకటి ఆరు వేలకు దొరికింది, తీసుకున్నాను. చూసి చెబుతాను.

కాలక్షేపం_కామయ్య
మూఢంలో కొత్త లెన్సు కొన్నారా? ఫోకస్ కుదరకపోతే మమ్మల్ని అడగకండి.

మసక_మురళి
నెల దాటింది, చెప్పాల్సినవి ఉన్నాయి.

మూఢం అంతా ఇంట్లోనే సాధన చేశాను. రాత్రి పదకొండుకు హాలులో ఒక్క ఎల్ఈడీ దీపం ఉంచి, మా అబ్బాయిని పీట మీద కూర్చోబెట్టి, మా ఆవిడ చేత వాడి నెత్తిన తలంబ్రాలు పోయించాను. కిలో బియ్యం, అదే మళ్లీ మళ్లీ ఎత్తి. 1/30కి చెయ్యి పొగే. 1/60కి చెయ్యి నిలిచింది, బియ్యం గీతలుగా ఉంది. 1/125కు గింజలు కనబడ్డాయి. ఎఫ్1.8లో నిజంగానే వాడి ఒక కన్ను వచ్చి ఇంకో కన్ను పోయింది. ఎఫ్2.8, 1/125 దగ్గర స్థిరపడ్డాను. నాలుగో రోజుకు మా అబ్బాయి పెళ్లి చేసుకోను అన్నాడు.

మూఢం పోయాక తెనాలిలో ఒక స్నేహితుడి తమ్ముడి పెళ్లి, ముహూర్తం రాత్రి 1 గంట 40 నిమిషాలకు. నీలి_లెన్సు గారి మాట మీద ఫుల్ ఫ్రేము కూడా అద్దెకు తెచ్చాను. మొదటి గంట దానితో తీశాను. ఫోకస్ నిజంగా అద్భుతం, కన్ను ఎటు తిరిగితే అటు అంటుకుంటుంది. ఆ సుఖంలో పడి తొమ్మిది వందలు నొక్కాను. మరునాడు చూస్తే తొమ్మిది వందలూ ఒకే చోట నిలబడి తీసినవి, సగంలో వీడియో ఆయన భుజం ఉంది. దాని మీద కూడా ఫోకస్ బాగా కుదిరింది.

ముహూర్తానికి మాత్రం నా పాత కెమెరా, 50 లెన్సు తీసుకుని భజంత్రీల పక్కకు వెళ్లి కూర్చున్నాను. పాత_రీలు గారూ, మీ డోలు పుల్ల నిజం. డోలు ఆయనకు సంగతి చెబితే నవ్వి, పుల్ల ఎత్తే ముందు నావైపు చూసి కనుబొమ్మ ఎగరేశారు. అక్కడి నుంచి పురోహితుడి వీపు అడ్డం లేదు, ఇద్దరి ముఖాలూ ఒకే వరుసలో ఉన్నాయి. జీలకర్ర బెల్లానికి 31 తీశాను, 14 బాగున్నాయి.

నీలి_లెన్సు
14 ఎక్కడ చూశారు, కెమెరా వెనకనా, కంప్యూటర్ మీదనా?

మసక_మురళి
కంప్యూటర్ మీద అయితే 9.

నీలి_లెన్సు
అదే ముహూర్తానికి అద్దె కెమెరాతో భజంత్రీల పక్కన కూర్చుని ఉంటే 25 వచ్చేవి.

పాత_రీలు
వచ్చేవే. కానీ డోలు ఆయన కనుబొమ్మ ఎగరేసింది చూసేవారా? కెమెరా వెనక తెర చూసుకుంటూ ఉండేవారు.

రెండు_కార్డుల_రమ
ఆ 9 ఫోటోలు ఎన్ని చోట్ల దాచారు?

మసక_మురళి
ఇప్పుడే రెండో చోట దాస్తున్నాను.

జూమ్_జగన్నాథం
ఆ 18-55 అమ్ముతారా? మా మేనల్లుడికి.

మసక_మురళి
అమ్మను. వచ్చే నెల మా బావమరిది పెళ్లి, ముహూర్తం పగలు 10 గంటల 48 నిమిషాలకు. ఫిల్టరు అయితే ఉచితం, వేలిముద్రతో సహా.